ముప్పై అయిదున్నర డిగ్రీల ఆలస్యం

సర్కారు వారు ఆ ఏటిని సమయపాలన సంవత్సరమని ప్రకటించారు. ప్రతి ఆఫీసూ తన పరిధిలో ఆలస్యంగా వచ్చేవాళ్ళను పట్టుకుని, నెలకు ఇంతమందిని పట్టుకున్నామని పైకి రాయాలి. బడుల శాఖకు పంతుళ్ళు దొరికారు. ఆస్పత్రుల శాఖకు డాక్టర్లు దొరికారు. బస్సుల వాళ్ళకు వెతికే పనే లేకపోయింది. ఎటొచ్చీ గుండ్లమిట్టలో ఉన్న యంత్ర సామర్థ్య మండలికే చిక్కొచ్చిపడింది. ఆ ఆఫీసులో ఉన్నది తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ ఆలస్యంగానే వస్తారు గాని, ఒకరినొకరు పట్టుకోవడం మొదలుపెడితే చివరికి పట్టుకోవడానికి మనిషి మిగలడు. అందుకని రెండు నెలలు వరసగా 'ఆలస్యము లేదు' అని రాసి పంపారు. మూడో నెల పైనుంచి మెమో దిగింది. మీ పరిధిలో ఆలస్యమే లేదనుట నమ్మశక్యముగా లేదు, క్షుణ్ణముగా వెతకవలెను.

మండలి అధ్యక్షులు విశ్వంభరరావు గారు వెతికారు. ఆయన గదిలో అద్దాల బీరువా నిండా ఇంజన్ల పుస్తకాలున్నాయి. కొన్నప్పటినుంచీ తెరవనివి. ఒకటి దులిపి తెరిస్తే క్యాం షాఫ్టు పాఠం వచ్చింది. ఇంజనులోకి గాలి వచ్చే తలుపును వాల్వు అంటారు. దాన్ని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పేది క్యాం షాఫ్టు. లోపల పైకీ కిందికీ ఆడే పిస్టను కిందికి దిగుతుంటే తలుపు తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. పిస్టను అడుగు ముట్టగానే తలుపు మూసుకుంటుందని ఆయన ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అనుకుంటున్నారు. పుస్తకం అలా అనడం లేదు. పిస్టను అడుగు ముట్టి, మళ్ళీ పైకి బయలుదేరి, చక్రం ఇంకో ముప్పై అయిదున్నర డిగ్రీలు తిరిగాక గాని ఆ తలుపు మూసుకోదట.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. ప్రతి ఇంజనులో, నిమిషానికి కొన్ని వందల సార్లు, పట్టపగలు, ఆలస్యం.

వారం తిరక్కుండా సర్క్యులర్ తయారైంది. ఇకమీదట ఇంజను యజమానులందరూ ఇంజను పలక మీద రాసి ఉన్న సంపీడన నిష్పత్తిని, అనగా గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్కను గాక, వాల్వు మూసుకున్న క్షణం నుంచి లెక్కగట్టిన గతిశీల సంపీడన నిష్పత్తిని మండలికి సమర్పించాలి. రెంటికీ తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆ ఆఫీసుకు నాలుగు వాకిళ్ళ అవతల వెంగమ్మ కారం మర ఉంది. జీపులో డీజిలు లేని కారణంగా తనిఖీలు అక్కడినుంచే మొదలుపెట్టాలని మండలి తీర్మానించింది.

వెంగమ్మకు యాభై రెండేళ్ళు. ఆమెకు పంతొమ్మిదో ఏట వాళ్ళ నాన్న ఆ పది హార్సు పవరు ఇంజనును అప్పగించి, దీని గొంతు గుర్తుపట్టు, మిగతాదంతా అదే నేర్పిస్తుందని చెప్పాడు. ఆమె గుర్తుపట్టింది. ఇప్పుడు వంటింట్లో పోపు వేస్తూనే ఇంజను ఏ మూట నములుతున్నదో చెప్పగలదు. ఆమె పెనిమిటి చెంచయ్య కాటా దగ్గర కూర్చుని పేపరు చదువుతాడు. ఇంజను జోలికి పోడు. దానికీ తనకూ పడదంటాడు. రిపేరేదైనా వస్తే మెకానిక్కు దానియేలు వస్తాడు. ఊళ్ళో కరెంటు మర ఇంకోటి ఉంది గాని ఎండాకాలంలో కరెంటు ఉండేదే నాలుగు గంటలు. అందుకని ఏప్రిల్ వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళ ఎండు మిరపకాయలన్నీ వెంగమ్మ వసారాలోనే వరసగట్టుకుని కూర్చుంటాయి.

తనిఖీ అధికారి త్రివిక్రమరావు వచ్చిన రోజున వసారాలో నలభై మూటలున్నాయి. నలభై ఇళ్ళు ఏడాది పొడుగునా తినే కారం. అధికారి గారు డిగ్రీలు గీసిన రేకు బిళ్ళ ఒకటి తెచ్చారు. దాన్ని ఫ్లైవీలుకు బిగించి, దానియేలు చేత చక్రం మెల్లిగా తిప్పించి, వాల్వు ఎక్కడ మూసుకుంటుందో చూసుకున్నారు. తర్వాత కాటా బల్ల మీద పేపరు జరిపి లెక్కకు కూర్చున్నారు. పిస్టను ప్రయాణం నూటపది మిల్లీమీటర్లు. వాల్వు మూసుకునేసరికే అది దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు పైకి వచ్చేసింది. గాలిని నొక్కడం నిజంగా మొదలయ్యేది అక్కణ్ణుంచే. కాబట్టి పలక మీద పదిహేడున్నర అని రాసుంది గాని, తేలింది పదహారు పాయింటు మూడు.

ఆయన పెన్సిలు చెవిలో పెట్టుకుని వెంగమ్మ వైపు చూశారు.

"మిగతా ఒకటి పాయింటు రెండు ఏమైందమ్మా?"

"ఏమైతది సారూ, యాడికి పోతది? ఈడనే ఉంటది."

చెంచయ్య కాటా కింద వంగి చూశాడు. అధికారి గారు దాన్ని కూడా కాగితం మీద పెట్టారు: ఆవరణ అంతటా గాలించగా సదరు ఒకటి పాయింటు రెండు దొరకలేదు.

వెంగమ్మ నచ్చచెప్పబోయింది. లోపలికి వచ్చే గాలి పరుగుమీద ఉంటుంది. పిస్టను ఆగిందని అది ఆగదు. తలుపు ఠక్కున మూస్తే సగం గాలి బయటే నిలబడిపోతుంది. అందుకే కాసేపు తెరిచి ఉంచుతారు.

"మన పల్లె బస్సు లేదా సారూ. బస్సు కదిలినా కండక్టరు తలుపు మూయడు. ఎనకమాల పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఇంకో నలుగురు ఎక్కుతారు. ఇదీ అంతే."

త్రివిక్రమరావు శ్రద్ధగా విని, శ్రద్ధగా రాసుకున్నారు. యజమానురాలు ఆలస్యముగా వచ్చు గాలిని ప్రోత్సహించుచున్నట్లు స్వయముగా అంగీకరించినది. తర్వాత ఫ్లైవీలుకు టేపు చుట్టి, లక్క కరిగించి, మండలి ముద్ర వేశారు. సంజాయిషీ ఒప్పుకునేదాకా ఇంజను తిరగకూడదు.

మూడో రోజున మెమో వచ్చింది. అది వెంగమ్మ పేరున రాలేదు. పై చిరునామాలో 'ఇన్‌లెట్ వాల్వు, కేరాఫ్ వెంగమ్మ కారం మర' అని ఉంది. తాము ప్రతి చక్రమందును ముప్పై అయిదున్నర డిగ్రీలు ఆలస్యముగా మూసుకొనుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను. చెంచయ్య ఆ మెమోను పైకి రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్ళకు దానికి తగిన మొగుడు దొరికాడన్నాడు. వెంగమ్మ నవ్వలేదు. ఆ పొద్దున పడమట కొంచెం మబ్బు కనిపించింది. వసారా పైకప్పు రేకులకు ఏడెనిమిది చిల్లులున్నాయి. మిరపకాయలు ఒక్కసారి తడిశాయంటే బూజు పడతాయి. ఇక ఆ ఇళ్ళవాళ్ళ మొహం ఆమె చూడలేదు.

ఆమె దానియేలును వెంటబెట్టుకుని మండలికి వెళ్ళింది. విచారణ పదకొండింటికి అన్నారు. అధ్యక్షుల వారు పన్నెండుంబావుకు వచ్చి, కూర్చోగానే సమయం విలువ గురించి చెప్పారు. ఆ చెప్పేటప్పుడే కరెంటు పోయింది. పెరట్లో జనరేటరు మొదలైంది, ఆయన తల మీద చల్లగాలి మిషను మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. వెంగమ్మ చెవి అటు తిప్పింది.

విశ్వంభరరావు గారికి సంజాయిషీ నచ్చలేదు. గాలి పరుగెత్తి వచ్చిందని తలుపు తెరిచి ఉంచితే, రేపు ప్రతివాడూ పరుగెత్తే వస్తాడన్నారు. వాల్వు అడుగు బిందువు దగ్గర కచ్చితంగా మూసుకోవాలి. అప్పుడు రెండు నిష్పత్తులూ ఒకటవుతాయి, లోటు ఉండదు. క్యాం షాఫ్టు పళ్ళచక్రాన్ని ముందుకు జరిపితే సరిపోతుందని పుస్తకంలో ఉన్నట్టే ఆయనకు తోచింది.

దానియేలు టోపీ చేతిలో నలుపుకుంటూ విషయం చెప్పాడు. పళ్ళచక్రంలో ఒక పన్ను జరిపితే ఇరవై డిగ్రీలు మారుతుంది. ముప్పై అయిదున్నర కుదరదు. రెండు పళ్ళు జరిపితే నలభై, అంటే వాల్వు నాలుగున్నర డిగ్రీలు ముందే మూసుకుంటుంది.

అధ్యక్షుల వారి మొహం వెలిగింది. "ముందుగానే హాజరు," అన్నారు పక్కనున్న త్రివిక్రమరావుతో. ప్రశంసాపత్రం ఒకటి తయారుచేయించమన్నారు.

దానియేలు ఇంకా అయిపోలేదన్నాడు. మూసుకోవడం నలభై డిగ్రీలు ముందుకు జరిగితే తెరుచుకోవడం కూడా నలభై ముందుకు జరుగుతుంది. రెండూ ఒకే షాఫ్టు మీద చెక్కినవి. అప్పుడు పిస్టను పైకి వచ్చే వేళకే వాల్వు కిందికి తలదించి ఉంటుంది. ఆ పైన గోరు పట్టేంత సందు కూడా ఉండదు. రెండూ గుద్దుకుంటాయి.

"వాల్వు తన విధి నిర్వహణలో ఉన్నప్పుడు దానికి దారి ఇవ్వవలసిన బాధ్యత పిస్టనుది," అన్నారు విశ్వంభరరావు గారు. వారం రోజుల్లో ఉత్తర్వు అమలు చేయాలి, లేదా ఇంజనును మండలి స్వాధీనం చేసుకుంటుంది.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. పళ్ళు జరిపితే ఇంజను చస్తుంది. జరపకపోతే ఎత్తుకుపోతారు. వసారా ముందు ఇద్దరు ఆడవాళ్ళు మూటలమీద గోనెపట్టాలు కప్పుతున్నారు. వాళ్ళు ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది వెంగమ్మకు.

ఆమె అరుగు మీద కూర్చుంది. నాలుగు వాకిళ్ళ అవతల మండలి జనరేటరు దుడుదుడుమని కొట్టుకుంటోంది. కాసేపు విని దానియేలును పిలిచింది.

"దానియేలూ, ఆ గొంతు ఎవురిదో పోల్చుకున్నావా?"

"మన ఇంజను తోబుట్టువే గదక్కా. అదే కంపెనీ, అదే సైజు. నేనేగా బిగించింది."

"మరి అది ఎప్పుడు మూసుకుంటది?"

దానియేలు టోపీ తలమీద పెట్టుకున్నాడు.

అర్జీ చెంచయ్య రాశాడు. ముప్పై ఏళ్ళు పేపరు చదివిన భాష అంతా అందులో పనికొచ్చింది. మండలి వారి మహత్తరమైన ఉత్తర్వును శిరసావహించడానికి తాము సంసిద్ధులమే గాని, పామరులమైనందున చేసే విధానము తెలియదు. మండలి వారి జనరేటరు కూడా అదే జాతికి చెందినది గనుక, ముందు దాని ఆలస్యమును సరిదిద్ది ఆదర్శముగా చూపిన యెడల, ఆ మరునాడే తమ ఇంజనును కూడా అట్లే సరిదిద్దుకొనగలము. వెంగమ్మ కింద ఇంకో ముక్క రాయమంది: నడిపే ముందు ఒక్కసారి చేత్తో తిప్పి చూసుకోవలెను. చెంచయ్య ఆ ముక్క అర్జీ భాషకు నప్పదన్నాడు. ఆమె రాయించే పెట్టింది.

అధ్యక్షుల వారు అర్జీ మొదటి సగం చదివి సంతోషించారు. పాలితులే ఆదర్శం కోరుతున్నారని పైకి ఉత్తరం రాశారు. శుక్రవారం ఉదయం పదిన్నరకు సమయపాలన ప్రదర్శన అని పెరట్లో షామియానా వేయించారు. పళ్ళు జరపమని దానియేలుకు నోటితో చెప్పారు. అతను కాగితం మీద ఇస్తే గాని పానా పట్టుకోనన్నాడు. కాగితం ఇచ్చారు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుని, రెండు పళ్ళు జరిపాడు.

శుక్రవారం నాడు ఆఫీసు తొమ్మిదిమందీ పదీ ఇరవైకే వచ్చారు. గుండ్లమిట్టలో అది చూడటానికే కొంతమంది వచ్చారు. పది ఇరవై తొమ్మిదికి అధ్యక్షుల వారు జనరేటరు ముందు నిలబడ్డారు. దానియేలు హేండిలు తీసుకుని ముందుకు వచ్చి, ఒక్క చుట్టు చేత్తో తిప్పి చూస్తానన్నాడు. ఎక్కడైనా తగులుకుంటే చేతికే తెలిసిపోతుంది. అది వెంగమ్మ అర్జీలో కూడా ఉంది. త్రివిక్రమరావు గడియారం చూశారు. చుట్టు తిప్పి చూడటానికి నిమిషం పైనే పడుతుంది. ప్రదర్శన పదిన్నర దాటితే పేరే చెడుతుంది.

"సారూ, ఒక్క చుట్టు," అంది వెంగమ్మ గుంపులోంచి.

సరిగ్గా పదిన్నరకు విశ్వంభరరావు గారు బొత్తాము నొక్కారు.

ఇంజను ఒక చుట్టు మొదలుపెట్టింది. లోపల ఎవరో ఇనుప గునపంతో పెద్ద రోలును పొడిచినట్టు ఒక్క దెబ్బ వినిపించింది. పక్క మూతలోంచి సన్నటి కడ్డీ ఒకటి వంకరపోయి బయటికి తొంగిచూసింది. కొంచెం నల్లనూనె కారింది. అంతే. వెంగమ్మ తల తిప్పుకుంది. అది ఎవరి ఇంజనైతేనేం.

కార్యక్రమం వివరాలు ఆ రోజే పైకి వెళ్ళాయి: ప్రారంభము పది గంటల ముప్పై నిమిషాలకు, ముగింపు పది గంటల ముప్పై నిమిషాలకు. ఇంత కచ్చితంగా ముగిసిన ప్రభుత్వ కార్యక్రమం రాష్ట్రంలో మరొకటి లేదని పైనుంచి అభినందన వచ్చింది. విచారణ సంఘం కూడా కూర్చుంది. వాల్వు ఉత్తర్వు ప్రకారమే నడుచుకున్నట్టు తేలింది. తప్పు పిస్టనుది. అది ముందస్తు అనుమతి లేకుండా పైకి చేరి, విధి నిర్వహణలో ఉన్న వాల్వును అడ్డగించింది. పిస్టనుకు మెమో ఇచ్చారు.

మెమో వల్ల చల్లగాలి రాలేదు. ఎండలు ముదిరాయి. కరెంటు పదింటికి పోతే సాయంత్రానికి గాని వచ్చేది కాదు. అధ్యక్షుల వారు మొదటిరోజు కోటు విప్పారు, రెండో రోజు ఫైళ్ళతో విసురుకున్నారు. మూడో రోజు పట్నంలో కంపెనీకి ఫోను చేయిస్తే సామాన్లు రావడానికి ఇరవై రోజులన్నారు. నాలుగో రోజున, ఉత్తర్వు గడువు ఇంకా ఒక్కరోజు ఉందనగా, త్రివిక్రమరావు చెమట తుడుచుకుంటూ వెంగమ్మ వసారా ఎక్కారు. సీలు గురించి ఏమీ ఎత్తలేదు. ఇలాంటి ఇంజనుకు విడి సామాను ఈ ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగారు.

దొరుకుతుందని ఆయనకు దానియేలు అప్పటికే చెప్పి ఉన్నాడు. మర ఉన్న ప్రతి ఇంట్లో ఒక ఇనప్పెట్టె ఉంటుంది. వెంగమ్మ పెట్టెలో ఒక పిస్టను, ఒక జత వాల్వులు, కడ్డీలు నూనె గుడ్డలో చుట్టి పదేళ్ళుగా పడుకుని ఉన్నాయి. ఆమె ఒక వాల్వు తెచ్చి కాటా బల్ల మీద పెట్టింది.

"ఇస్తా సారూ. కానీ ఇది ఆలస్యంగా మూసుకునే రకం."

ఆయన అటూ ఇటూ చూశారు. "పరవాలేదు," అన్నారు.

"పరవాలేదని నోటితో అంటే ఎట్టా. దానియేలు కాయితం లేందే పానా పట్టడు. మీరే నేర్పారు."

సాయంత్రానికల్లా కాగితం వచ్చింది. గాలి యొక్క ప్రయాణ అవసరముల దృష్ట్యా, ముప్పై అయిదున్నర డిగ్రీల వరకు గల ఆలస్యమును ఆలస్యముగా పరిగణించరాదు. మండలి జనరేటరు, వెంగమ్మ కారం మర, రెండు పేర్లూ ఉన్నాయి. ముద్ర ఉంది. చెంచయ్య పైకి చదివి, బాగానే రాశారని ఒప్పుకున్నాడు. వెంగమ్మ వాల్వును మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టుకుంది. ముందు సీలు, తర్వాత సామాను అంది. త్రివిక్రమరావు తన చేత్తోనే లక్క పగలగొట్టారు. దానియేలు హేండిలు అందుకున్నాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి గొంతు సవరించుకుంది. వెంగమ్మ దాని మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. తర్వాత బెల్టు ఎక్కించి మొదటి మూట విప్పింది.

మండలిలో ఆ ఉత్తర్వును ఒకతను నకలు తీసి హాజరు పట్టీ మొదటి పేజీకి అంటించాడు. అందులో డిగ్రీలని ఉన్నా నిమిషాలని చదువుకోవడానికి తొమ్మిదిమందికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ నెల కూడా 'ఆలస్యము లేదు' అని రాసి పంపారు. ఈసారి పైనుంచి మెమో రాలేదు. ఉత్తర్వు ప్రతి ఒకటి పంపమని మాత్రం అడిగారు.

వెంగమ్మ మర పొద్దున అయిదింటినుంచి సాయంత్రం ఆరింటిదాకా ఆడింది. రోజుకు పది మూటలు. నాలుగో రోజు సాయంత్రం నలభయ్యో మూట పట్టడం అయిపోయేసరికి పడమట మబ్బు నల్లగా లేచింది. దుమ్ము రేగింది, రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. వసారా ఖాళీగా ఉంది. ఎవరి కారం వాళ్ళ ఇంటికి చేరింది. వెంగమ్మ ఇంజను ఆపకుండానే షట్టరు సగం దించింది.

వీధి ఆ చివరినుంచి ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. నెత్తిమీద మిరపకాయల మూట, దానిమీద ఆఫీసు ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. చెప్పు ఒకటి ఊడిపోతే వెనక్కి తిరగలేదు.

"త్రివిక్రమరావు గదా," అన్నాడు చెంచయ్య గోడ గడియారం చూసి. "ఆరు దాటింది. దించెయ్యి."

వెంగమ్మ షట్టరును అలాగే భుజంతో ఆపి పట్టుకుంది.

"ఉండవయ్యా," అంది. "గాలి పరుగుమీద ఉంది."